గోడకు కొట్టిన తమ్ముడు

మా మామయ్యకు పని చేయడం తప్ప అన్నీ వచ్చు. ముఖ్యంగా మూలగడం. గుమ్మంలో ఎవరున్నారో చూసుకుని, దానికి తగ్గట్టు గొంతు పెంచి మరీ మూలిగేవాడు. జబ్బు మాత్రం ఎప్పుడూ ఒకటే. కుడిభుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు.

ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు, ఇద్దరూ ఒకే లాండ్రీలో జోడీ. ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టడం వాళ్ల పని. చెరో అంచూ పట్టుకుని బిగలాగి, చేతులు తలపైకెత్తి ఒక్క విసురు విసరాలి. యంత్రాల హోరులో మాట వినపడదు. అందుకని ఒకరు గుడ్డను రెండుసార్లు చిన్నగా గుంజుతారు, వెంటనే ఎదుటివాళ్లు చేతులెత్తుతారు. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఇదే పని.

మామయ్య మంచమెక్కాక అమ్మ గోడకు మేకు కొట్టించుకుంది. ఒక అంచు దానికి తగిలించి ఒక్కతే లాగేది. తోటి ఆడవాళ్లు ఆ మేకునే తమ్ముడని పిలవసాగారు. "ఈ తమ్ముడే నయం అక్కా, మూలగడు" అనేవారట. అమ్మ నవ్వేది కాదు. మణికట్టు వాచి గ్లాసు కూడా ఎత్తలేకపోయేది. ఇలాగే లాగితే ఆ చెయ్యి ఇక పనికిరాదని డాక్టరు చెప్పేశాడు. వేరే మనిషిని పెడతానని సూపర్‌వైజరు అన్నప్పుడల్లా, తమ్ముడి చోటు పోతుందని ఈవిడే కాళ్లావేళ్లా పడేది. నేను అడ్డం తిరిగితే, పుస్తకాలు చదివి నాకు పెద్దాచిన్నా లేకుండా పోయిందనేది.

ఒక సెలవురోజు మబ్బు కమ్మింది. వాకిట్లో తీగమీద మామయ్య దుప్పటి ఆరుతోంది. అమ్మ తీయబోతే ఆయన వెనకే వచ్చాడు. సాయానికి కాదు, అది తడిస్తే పడుకోవడానికేముందని. త్వరగా కానిమ్మని గొణుగుతూ, నేలకు తగలకుండా ఒక అంచు ఎడంచేత్తో ఎత్తిపట్టాడు. అలవాటుకొద్దీ అమ్మ రెండుసార్లు గుంజింది.

రెండో మూలను కుడిచెయ్యి ఎప్పుడు అందుకుందో ఏమో, మామయ్య చేతులు రెండూ తలపైకి లేచాయి. గుడ్డ ఫట్‌మని మోగింది.

రోగిని పలకరించిపోదామని వచ్చిన సూపర్‌వైజరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"భుజం బాగానే లేస్తోందే," అన్నాడు.

మామయ్య చెయ్యి దించి మొహం ముడుచుకుని అమ్మవైపు చూశాడు. ఇన్నాళ్లూ సర్దిచెప్పింది ఆవిడే కదా.

అమ్మ ఆయన చేతుల్లోంచి అంచు లాక్కుని మిగతా మడతలు తనే పెట్టింది.

"ఆ చోట్లో ఇంకొకర్ని పెట్టుకోండి బాబూ. మేకుతో నావల్ల కావట్లేదు."

"నిజంగానే నొప్పక్కా."

"అయితే వెళ్లి పడుకో. దుప్పటి తడవలేదు."

కొత్తమనిషి వచ్చింది. అమ్మ మణికట్టు వాపు తీసింది. గోడమీది మేకుకు ఇప్పుడు ఆ కొత్తావిడ తన సంచీ తగిలిస్తోంది. దానికీ ఒక పని దొరికింది. మామయ్యే ఇంకా మంచంమీద పడుకుని, గుమ్మంలో ఎవరూ లేకపోయినా మూలుగుతున్నాడు.