మేనత్తకు మాత్రమే వచ్చిన వాసన

దయ్యాల కథలు చెప్పుకునే చోట నేను కూర్చోను. లెక్కకు అందనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. అయినా ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి, జరిగినట్టే రాస్తున్నాను.

తిరుపతిలో అంగారకుడి వాతావరణం పైపొరల మీద పరిశోధన చేస్తున్నాను. ఆ గ్రహం చుట్టూ తిరిగే వ్యోమనౌక ఒకటి మూడు రోజులకోసారి గ్రహానికి బాగా దగ్గరగా వచ్చి, అక్కడి పలచటి గాలిలో ఏ వాయువు ఎంత ఉందో కొలిచేది. ఆ కొలతలు చూడటం నా పని.

మా మేనత్త పలమనేరులో పాలకేంద్రం నడిపేది. క్యాను మూత తీసి వాసన చూస్తే చాలు, పాలు నిలుస్తాయో విరుగుతాయో చెప్పేసేది. ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వాసన తెలియడం పూర్తిగా పోయింది. రెండుసార్లు చెడిన పాలు మంచి పాలలో కలిసిపోయాయి. ఇంకోసారి జరిగితే కేంద్రం వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని డెయిరీ వాళ్ళు అన్నారు. ఎప్పుడైనా వాసన తెలిస్తే తేదీ, టైము రాసిపెట్టమని డాక్టరు చెప్పాడు.

ఒక ఆదివారం నేను వెళ్ళినప్పుడు అత్త సంతోషంగా గోడ క్యాలెండర్ చూపించింది. పాల వాసన ఇంకా తెలియడం లేదు గానీ, వేరే ఏదో వాసన కాసేపు వచ్చి పోతోందట.

"ఎండిన రాయిని రాయితో కొడితే వస్తాది సూడు, అట్లా ఉండాది పాపా," అంది.

ఎనిమిది గుర్తులున్నాయి. అన్నీ దాదాపు మూడేసి రోజుల ఎడంలో. టైములు మాత్రం ఒకటి తెల్లవారి పాలు పోసే వేళ, ఒకటి మధ్యాహ్నం. ఊరికే చూద్దామని, నౌక గ్రహానికి దగ్గరయ్యే సమయాల పట్టిక ల్యాప్‌టాప్‌లో తెరిచాను. ఎనిమిదీ నిమిషాలతో సహా సరిపోయాయి. ఆ పట్టిక అత్త కంటపడే అవకాశమే లేదు.

తన ముక్కు బాగవుతోందని అత్త ఆశపడుతోంది. పట్టిక ఆమెకు చూపించకుండా ల్యాప్‌టాప్ మూసేశాను.

కొన్ని నెలలకు నౌకతో సంబంధం తెగిపోయింది. బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నారు. అత్త గుర్తులు మాత్రం ఆగలేదు. పాలకేంద్రం చేజారిపోయాక కూడా రాస్తూనే ఉంది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఈ పొద్దు వాసన మారిపొయ్యింది పాపా. ఇనుము కాలినట్టు ఉండాది. పొయ్యి కాడికి పోయి సూసినాను, ఆడేమీ లేదు."

ఆ తర్వాత ఆమెకు ఏ వాసనా రాలేదు.

మా లెక్కల ప్రకారం ఆ నౌక ఇంకా చాలా ఏళ్ళు తిరగాలి. తిరుగుతోందో, కిందికి జారి కాలిపోయిందో చెప్పగలిగే పరికరం మా దగ్గర ఏదీ లేదు. అత్తను అడుగుదామని రెండుసార్లు ఫోన్ తీశాను. ఏమని అడగాలో తెలియక పెట్టేశాను.