ఊదారంగు నిలిచిన వరుస

వీధిలో అందరూ ఆమెను సీసాల పిల్ల అంటారు. పరిశోధనశాలలో కొత్త రసాయనాలు తయారుచేసి, అవి క్యాన్సర్ కణాలను చంపుతాయో లేదో చూడడం ఆమె పని. ఆ పొద్దున గుమ్మం దాటుతుంటే పిన్ని ఆపింది.

"ఇవాళైనా తేలుతుందా, మళ్లీ మొహం వేలాడేసుకుని వస్తావా?"

"తేలుతుంది పిన్నీ. పళ్లెంలోని చిన్న చిన్న గుంటల్లో కణాలకు మా రసాయనం వేసి, పసుపు రంగు కలుపుతాం. కణాలు చచ్చిన గుంటలో అది పసుపుగానే ఉండిపోతుంది, బతికుంటే ఊదాగా మారుతుంది. క్యాన్సర్ కణాల పళ్లెం పసుపుగా, మంచి కణాల పళ్లెం ఊదాగా ఉండాలి."

"రెండూ పసుపైతే?"

"అది మందు కాదు, విషం. ఇన్నేళ్లు చేసిందంతా పారబోయాలి."

పరిశోధనశాలలో ఒక అలవాటుంది. ముందు మంచి కణాల పళ్లెమే చూస్తారు. క్యాన్సర్ పళ్లెం ముందు చూసి మురిసిపోతే కళ్లు మోసం చేస్తాయట. ఆమె మాత్రం ఆగలేక క్యాన్సర్ పళ్లెమే ముందు తీసింది. చివరి వరుసతో సహా గుంటలన్నీ లేత ఎండ నింపుకున్నట్టు పసుపుగా మెరిశాయి. ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ తేలికలోనే మంచి కణాల పళ్లెం తీసింది. అదీ పసుపే. గది మెల్లగా నీళ్లలో మునిగిపోతున్నట్టనిపించింది.

పక్కన పెట్టబోతూ మళ్లీ చూసింది. రసాయనాన్ని అన్నిటికంటే పలచగా కలిపిన చివరి వరుస మాత్రం, పొద్దువాలిన ఆకాశంలా, ఊదాగా నిలిచి ఉంది. అంత పలచని మోతాదుకే క్యాన్సర్ కణాలు చచ్చాయి, మంచివి బతికాయి.

సాయంత్రం పిన్ని గుమ్మంలోనే పట్టుకుంది. "మందు దొరికిందా?"

"ఇంకా చాలా దూరం పిన్నీ. పారబోయక్కర్లేదు, అంతే."

"ఆ అంతేకే ఇంత నవ్వా!" అంటూ పిన్ని దారిచ్చింది.