ముందు చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో పాటలు అయిపోయాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి పదిమందికీ వినిపించడమే సాక్ష్యం. జ్వరం తగ్గినా చెబుతారు, లారీ కింద పడబోయి బతికినా చెబుతారు. ఎవరైనా మేలు జరిగాకే చెబుతారు. మా ఆవిడ మాత్రం జరగకముందే చెప్పేసింది.

నేను గూడూరు నిమ్మకాయల మార్కెట్లో పనిచేస్తాను. మార్కెట్ లేని రోజున సైకిలే. కాలికి బలపం కట్టుకుని తిరుగుతాడని నన్ను ఎగతాళి చేయనివాళ్ళు మా వీధిలో లేరు. పగలూ రాత్రీ తొక్కితే గానీ పూర్తికాని దూరాలు చాలానే తొక్కాను. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. గూడూరులో బయల్దేరి, బుచ్చిరెడ్డిపాలెం వరి పొలాల్లోంచి పడమరకు తిరిగి, వెలిగొండల అంచున మెట్ట నేలల మీదుగా కిందికి దిగి, తడ దగ్గర పులికాట్ సరస్సు పక్కకు తేలి, మళ్ళీ గూడూరుకు రావాలి. మాగాణి, మెట్ట, కొండ, ఉప్పునీళ్ళు అన్నీ ఒకే చుట్టులో చూడాలి. ఎందుకని అడుగుతారేమో. నా నేలను ఒక్కసారి చుట్టి రావాలనిపించింది, అంతే.

వానలు పడుతున్న రోజుల్లో నా ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. జారినందుకు కాదు, జారినట్టు నాకు తెలియనందుకు బాధ. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బురదతో మార్కెట్లో తిరుగుతుంటే అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. పెడల్ మీంచి కూడా పాదం జారడం మొదలయ్యాక నవ్వు ఆగిపోయింది. నెల్లూరులో డాక్టరు సూదులు గుచ్చి పరీక్ష చేసి నరాల జబ్బన్నాడు. పోయిన బలం తిరిగి రాదు, ఉన్నది కూడా మెల్లగా పోతుంది, రెండో కాలికీ పాకుతుంది అని మర్యాదగానే చెప్పి చేతులెత్తేశాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారమే మా ఆవిడ చర్చిలో లేచి నిలబడింది.

"దేవుడు మా ఆయన కాలు ముట్టినాడు. ఈ క్రిస్మస్ లోపల ఆయన కొండలూ, తడా అంతా సైకిల్ మీద చుట్టొచ్చి, మీ ముందర నిలబడి సాక్ష్యం చెప్తాడు" అంది.

ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రాలు, మగవాళ్ళ వైపు నుంచి హల్లెలూయలు. నా పక్కన కూర్చున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి రాగానే ఆమె మీద ఒంటికాలి మీద లేచాను. అప్పటికి నాకు సరిగ్గా మిగిలిందీ ఆ ఒక్క కాలే.

"చర్చిలో నిలబడి అబద్ధం చెప్తావా?"

"అబద్ధం యాడ చెప్పినాను? ముందు చెప్పినాను" అంది బియ్యం కడుగుతూ. "జరిగినాక ఎవురైనా చెప్తారు. జరగకముందే చెప్పేదే గదా విశ్వాసం."

మర్నాటి నుంచి ఎవరు ఎదురైనా ఒకటే మాట. "అన్నా, ఎప్పుడు బయల్దేరతా ఉండావు?" మా పాస్టరు అయ్యగారు ప్రార్థనల్లో నా ప్రయాణాన్ని కూడా చేర్చారు. నేను వెళ్ళకపోతే ఆమె చెప్పింది అబద్ధమవుతుంది. అదే మనుషుల మధ్య ఆమె మళ్ళీ తలెత్తుకుని పాట పాడలేకపోతుంది. నాకూ ఆ చుట్టు మీద ఆశ చావలేదు. అందుకని నిజంగానే ప్లాను వేయడం మొదలుపెట్టాను.

పులికాట్ ఒడ్డున చేపలు పట్టే తమ్ముడొకడు ఉన్నాడు. దూర ప్రయాణాల్లో నాతో తొక్కిన మనిషి. కబురు చేస్తే వచ్చి, నేల మీద ఫోను పెట్టి, అందులో దారి చూస్తూ కూర్చున్నాడు.

"మధ్యాన్నానికి తడ చేరితే చాలన్నా. అప్పటికి సముద్రం గాలి లేస్తాది. ఆడనుంచి గూడూరు దాకా వీపు మీద తోస్తా ఉంటాది. సగం గాలే తొక్కుతాది."

"మరి తడ దాకా ఎవరు తొక్కుతారు?" అన్నాను.

వాడు నా కాలి వైపు చూసి, ముందు కొండలు తీసేశాడు. ఎక్కుడు దారి నీకెందుకన్నా అన్నాడు. ఇంకోసారి వచ్చినప్పుడు బుచ్చిరెడ్డిపాలెం తీసేశాం, దారి బాగాలేదని. ఆ దారి అద్దంలా ఉంటుందని ఇద్దరికీ తెలుసు. చివరికి తడ దాకా రైల్లో పోయి, గాలి తోసే ముక్క మాత్రం తొక్కుదామనుకున్నాం. అదీ ఎక్కువేనేమో, తడకు ముందే సూళ్ళూరుపేటలో దిగుదామని నేనే అన్నాను. వాడు వద్దనలేదు. వద్దంటాడని చూశాను.

ఎంత చిన్న ముక్కకైనా పాదం పెడల్ మీద నిలవాలి కదా. వాడు వల అల్లే దారంతో నా పాదాన్ని పెడల్‌కి కట్టేశాడు. చేప ఎంత గుంజుకున్నా ఊడని ముడి అది. మా వీధిలోనే ఎక్కి తొక్కాను. మొహానికి గాలి తగిలింది. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు మా ఆవిడ చెప్పిందంతా నమ్మాను.

వీధి చివర గేదె అడ్డం వచ్చింది. కుడికాలు దించుదామనుకునే లోపల సైకిలు ఎడమకు ఒరిగింది. ఎడమకాలు పెడల్‌తోనే ఉండిపోయింది. సైకిలు కింద పడి, లేవలేక, కదలలేక ఉన్నాను. ముడి వేసినవాడే గుంజి గుంజి చూసినా ముడి ఊడలేదు. మా ఆవిడ కూరగాయల కత్తి తెచ్చి దారం కోసింది. కొంగుతో నా మోకాలి మీద రక్తం తుడిచింది.

అన్నం ముందు ప్రార్థన మా ఇంట్లో ఆమెదే. ఎప్పుడూ పొడుగ్గా చేస్తుంది. కాలు బాగుచెయ్యి, కొండలెక్కించు, అడ్డుపడే డాక్టర్ల నోళ్ళు మూయించు అని దేవుణ్ణి నిలదీస్తుంది. అన్నం చల్లారిపోతుంది. నేను కళ్ళు మూసుకునే విసుక్కుంటాను. ఆ సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాక ఆమె కొంగు తల మీద వేసుకుంది.

"ప్రభువా, ఈయన చెప్పు కాలికి నిలిచేటట్టు చూడు" అంది.

డాక్టరు చెప్పినప్పుడు కూడా నాకంత భయం వేయలేదు. కొండలు అడుగుతుందని, తడ అడుగుతుందని, కనీసం మా వీధి చివరి దాకా అయినా అడుగుతుందని కళ్ళు మూసుకునే ఉన్నాను. ఆమెన్ అంది. కళ్ళు తెరిస్తే అన్నం ఇంకా పొగలు కక్కుతోంది.