శ్రీహరి గారికి నేనిచ్చిన రెండో అవకాశం

పరువు పోవాలంటే చాలామందికి శత్రువులో చుట్టాలో సాయం చెయ్యాలి. నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. నా పరువుకి నేనే పట్టుచీర కట్టి, తలలో మల్లెపూలు పెట్టి, ఆటో ఎక్కించి, రాజమండ్రిలో ఒక ఏసీ హోటల్‌కి తీసుకెళ్ళి, నా నోటితో నేనే సాగనంపాను. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుతూనే చెబుతున్నాననుకోండి.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం, రాజమండ్రిలో అద్దె వాటా, రోజూ షేర్ ఆటోలో రాకపోకలు. పెళ్ళి కాలేదు. కాలేదంటే అసలు ప్రయత్నమే జరగలేదని కాదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు శ్రీహరి గారనే బ్యాంకు ఉద్యోగితో నాకు నిశ్చితార్థమైంది. అమలాపురం వాళ్ళు. నెమ్మదస్తుడు, మాట మెత్తన. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. శుభలేఖలు అచ్చయి వచ్చాక ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "మా అమ్మకి ఎందుకో మనసొప్పడం లేదండి" అన్నాడు. ఇవాళ కూరలోకి వంకాయలు దొరకలేదండి అన్నట్టుగా అన్నాడు. ఏంటండీ మీరనేది అని నేను అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు. తరవాత ఆ ఫోన్ స్విచాఫ్. కొన్నాళ్ళకి ఆ నంబరే లేకుండా పోయింది.

మా సొంతూరు కొత్తపేటలో అతనికేం లోపమని ఒక్కరూ అడగలేదు. నాకేం లోపమని మాత్రం ఊరంతా వెతికింది. పొడుగెక్కువని ఒకరు, జాతకమని ఇంకొకరు. వరసకు పెద్దమ్మ ఒకావిడైతే నన్ను లైటు కిందికి రమ్మని, చీర కొట్లో అంచు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత మా అన్నయ్య తెచ్చిన ప్రతి సంబంధమూ, ఇంతకుముందు ఒకటి తప్పిపోయిందట కదా అనే ప్రశ్న దగ్గర ఆగిపోయేది. కొన్నాళ్ళకి అన్నయ్య తేవడం మానేశాడు. నేను ఎదురుచూడడం మానేశానని అందరికీ చెప్పాను.

అలాంటి రోజుల్లో నా ఫోన్లోకి ప్రేమ నవలలు వచ్చాయి. ఆ రకం నవలలు మీరూ చదివే ఉంటారు. ఒక అమ్మాయి ఉంటుంది. ఆమెను ఎవడో వదిలేస్తాడు. ఆమె ఏదో కొండల ఊరికి పోయి చిన్న కాఫీ షాపు పెడుతుంది. కాఫీ ఎవరు తాగుతున్నారో తెలియదు గానీ షాపు బాగా నడుస్తుంది. పదో భాగానికల్లా అద్దం ముందు నిలబడి తన విలువ తాను తెలుసుకుంటుంది. సరిగ్గా అప్పుడే వదిలేసినవాడు వానలో తడుస్తూ తిరిగొస్తాడు. క్షమించమంటాడు. ఆమె వెంటనే ఒప్పుకోదు. తలెత్తి, నేను మునుపటి మనిషిని కాదని చెబుతుంది. తన షరతులు చెబుతుంది. వాడు కన్నీళ్ళతో తలూపుతాడు. రెండో అవకాశం ఇస్తుంది. ఎక్కడా అసభ్యం ఉండదు, చివరిదాకా చెయ్యి పట్టుకోవడమే.

షేర్ ఆటోలో ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య నొక్కుకుపోయి కూర్చుని ఇవి చదివేదాన్ని. ధవళేశ్వరం వచ్చినా తెలిసేది కాదు, డ్రైవరు పిలిచి దింపేవాడు. మొదట్లో కాలక్షేపానికే. పోను పోను నాకూ పదో భాగం వచ్చేసిందనిపించింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, నాకు నేను చాలు, నా విలువ నాకు తెలుసు అని పైకే అనుకునేదాన్ని. పక్క వాటావాళ్ళు నాకెవరో ఫోన్లు చేస్తున్నారనుకున్నారు. నాకు కాఫీ షాపు లేదు, కొండల ఊరూ లేదు. అయినా విలువైతే వచ్చేసింది కాబట్టి, ఇక అతను రావడమే మిగిలిందని నా నమ్మకం.

మరి వచ్చాడండి. ఎండలు మండిపోతున్న ఒక శుక్రవారం కొత్త నంబరు నుంచి మెసేజ్. "పద్మజ గారూ, నేను శ్రీహరిని. మీతో ఒకసారి కలిసి మాట్లాడాలి. ఫోన్లో చెప్పే విషయం కాదు. దయచేసి కాదనకండి."

ఆ మెసేజ్‌ని ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఫోన్లో చెప్పే విషయం కాదట. కాదనవద్దట. దయచేసి అట. ఇంతకంటే స్పష్టంగా ఏ హీరో అడుగుతాడు?

మా ఆఫీసులో నా పక్క సీటు రమణమ్మ గారిది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దావిడ. ఆవిడకి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చదివి, ఇందులో ప్రేమ ఎక్కడుందో నాకు కనబడలేదమ్మా అంది. చదవడం వచ్చినవాళ్ళకి కనబడుతుందన్నాను. ఆవిడ కోప్పడలేదు. "వెళ్తే వెళ్ళు గానీ, ముందు అతను ఎందుకు రమ్మన్నాడో చెప్పనియ్యి. అంతవరకూ నువ్వేం మాట్లాడకు" అంది. నా జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క మంచి సలహా అది. దాన్ని అక్కడే ఆవిడ టేబుల్ మీద వదిలేసి వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అతను చెప్పిన హోటల్‌కి వెళ్ళాను. పట్టుచీర సంగతి ముందే చెప్పాను కదా. మే నెల ఎండలో పట్టుచీర కట్టిన మనిషిని ఆటోవాడు కూడా జాలిగా చూశాడు. వాన వచ్చే ఆనవాలు ఎక్కడా లేదు. అయినా ఏసీలో కూర్చుని కూడా అతను చెమటతో పూర్తిగా తడిసే ఉన్నాడు. దాంతోనే సరిపెట్టుకున్నాను.

శ్రీహరి గారు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. కొంచెం జుట్టు పలచబడింది, కొంచెం పొట్ట వచ్చింది. బాధలో కూడా ఒళ్ళు వస్తుందని ఎక్కడో చదివాను. అతని చేతిలో కాజాల పొట్లం ఉంది. నాకు కాజాలు ఇష్టమని ఎనిమిదేళ్ళయినా మరచిపోలేదని గుండె కరిగింది. చెయ్యి చాపి తీసుకుని నా బ్యాగులో పెట్టేసుకున్నాను. అతను ఏదో అనబోయి ఆగిపోయాడు. సిగ్గనుకున్నాను.

కూర్చున్నాక, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదండి అన్నాడు. మీరు మొదలుపెట్టక్కర్లేదు, నేనే మొదలుపెడతానన్నాను. నా జీవితంలో నేను మాట్లాడిన అతి పెద్ద ఉపన్యాసం అక్కడ ఇచ్చాను. మీరు నన్ను వదిలేసినప్పుడు నేను చాలా కుంగిపోయానని, కానీ ఇప్పుడు నా విలువ నాకు తెలిసిందని, ఒకరు కాదన్నంత మాత్రాన మనిషి తక్కువైపోదని చెప్పాను. అతను తల దించుకున్నాడు. నవలలో కూడా ఇక్కడ తల దించుకుంటారు కాబట్టి నాకు ఇంకా హుషారొచ్చింది.

"మిమ్మల్ని క్షమించాను. రెండో అవకాశం ఇస్తున్నాను. కానీ నాకు మూడు షరతులున్నాయి" అన్నాను.

పక్క టేబుల్ దగ్గర ఎవరిదో చెంచా ప్లేటులో పడింది. నేను అటు చూడలేదు. పెళ్ళయ్యాక ఉద్యోగం మాననని, రాజమండ్రిలోనే మన ఇల్లు మనకు వేరే ఉండాలని మొదటిది చెప్పాను. మన విషయాలు మనిద్దరమే తేల్చుకోవాలి, మీ అమ్మగారు వచ్చి అక్షింతలు వేస్తే చాలన్నది రెండోది. మూడోది మొదలుపెట్టేసరికి జ్యూసులవాడి మిక్సీ గుర్రుమంది. అరిచి చెప్పాల్సొచ్చింది. చెబుతూండగానే అతను రెండు చేతులూ ఎత్తాడు.

"పద్మజ గారూ, ఒక్క నిమిషం. నాకు సంబంధం కుదిరిందండి."

ఇప్పుడు మీరు నన్ను తిట్టుకోండి. ఆ మాట విన్నాక కూడా నేను, ఇంట్లో ఒప్పించేశాడన్నమాట అనుకుని, సిగ్గుపడి మంచినీళ్ళ గ్లాసు వైపు చూశాను. అతను ఇంకా విడమరిచి చెప్పాక గానీ నా బుర్రలోకి దిగలేదు. అమ్మాయిది రావులపాలెం. పేరు హారిక, టీచరు. ఇన్నాళ్ళూ ఇతని అమ్మకి ఏ సంబంధమూ నచ్చలేదట, ఇది నచ్చింది. కానీ ఇంతకుముందు ఒక నిశ్చితార్థం తప్పిపోయిందని ఎవరో ఆ అమ్మాయి వాళ్ళకి చెప్పారు. అబ్బాయిలో ఏదో లోపం ఉందేమోనని వాళ్ళ అనుమానం. ఆ మొదటి అమ్మాయినే అడిగి తెలుసుకుంటామని పట్టుబట్టారట.

"నేనేం చెప్పాలి?" అన్నాను.

"నేను మంచివాణ్ణని ఒక్క మాట చెబితే చాలండి."

"ఎప్పుడు చెప్పాలి?"

అతను పక్క టేబుల్ వైపు చూశాడు. అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ, ఒక చామనఛాయ అమ్మాయి లేచి మా టేబుల్ దగ్గరికి వచ్చారు. తల్లీ కూతుళ్ళు. చెంచా పడేసుకుంది తల్లి. నా క్షమాభిక్ష, నా విలువ, నా షరతులు, అన్నీ వాళ్ళు ఇడ్లీ తింటూ విన్నారు. భూమి చీలి నన్ను లోపలికి తీసుకోవాలనుకున్నాను. హోటల్ వాళ్ళు టైల్స్ గట్టిగా వేయించారు.

హారిక నా ఎదురుగా కూర్చుంది. మంచి కళ్ళు. వెటకారం లేదు. ఉంటే బాగుండేది. "మీరేం అనుకోకండి. ఎందుకు ఆగిపోయిందో నిజం చెప్పండి" అంది.

ఏ నవల్లోనూ ఇలాంటి భాగం లేదు. ఇతను మంచివాడని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాను. శుభలేఖలు, పొద్దుటి ఫోన్, స్విచాఫ్, లైటు కింద నిలబెట్టిన పెద్దమ్మ, అన్నీ. అతను తన కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను ముగించాక హారిక అతని వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది.

"నిజమే. ఈవిడ తప్పేం లేదు. అమ్మకి ఎదురు చెప్పలేక భయపడ్డాను. చాలా పెద్ద తప్పు చేశాను" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎనిమిదేళ్ళుగా నేను వినాలనుకున్న మాటలు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అవే. నా ముందే కూర్చుని ఆ అమ్మాయికి చెప్పాడు.

తల్లి కూతురి మొహమే చూస్తోంది. హారిక నాతో, "తప్పు ఒప్పుకున్నారు కదండి. మనిషికి రెండో అవకాశం ఇవ్వాలి కదా" అంది. తరవాత నన్ను ఓదారుద్దామని కాబోలు, నా చెయ్యి పట్టుకుని, "నాతో అలా చెయ్యరులెండి. మీరంటే వేరు" అంది.

పాపం, ఏ దురుద్దేశమూ లేదు. చెయ్యి కూడా మెత్తగా ఉంది. నేను అన్ని నవలలు చదివి, అన్ని ఉదయాలు అద్దం ముందు నిలబడి సంపాదించుకున్న విలువ ఆ రెండు ముక్కలతో ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. అవునండి, వేరే అన్నాను. ఇంకేమనాలి?

బ్యాగులోంచి కాజాల పొట్లం తీసి టేబుల్ మీద పెట్టాను. అది వాళ్ళ కోసం తెచ్చిందని అప్పటికి నాకు అర్థమైంది. ఉంచుకోమ్మా అని పెద్దావిడ మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. ఆ జాలి కాజాల కంటే బరువుగా ఉంది. బయల్దేరుతుంటే ఆవిడ మెట్ల దాకా నాతో వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మీ మూడో షరతు మిక్సీ చప్పుడులో సరిగా వినపడలేదమ్మా. ఏంటది?"

"ఎంత కోపమొచ్చినా, ఎంత భయమేసినా, ఫోన్ స్విచాఫ్ చెయ్యకూడదు" అన్నాను.

ఆవిడ బాగుందని తలూపి లోపలికి వెళ్ళింది. హోటల్ అద్దాల తలుపులోంచి చూస్తే, ఆవిడ వేళ్ళు మడుస్తూ ఏదో చెబుతోంది. శ్రీహరి గారు ఒక్కొక్క వేలికీ తలూపుతున్నాడు. నేను చెప్పినప్పుడు చేతులెత్తేసిన మనిషే.

పెళ్ళి అన్నవరంలో చేశారు. నన్ను పిలిచారు. రాకపోతే ఏదో అనుకుంటారని వెళ్ళాను, వెళ్ళినందుకు ఏదో అనుకున్నారు. హారిక తనవాళ్ళందరికీ, ఈవిడ వల్లే మా పెళ్ళి అయిందని నన్ను చూపించింది. శ్రీహరి గారి అమ్మగారు నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకుంది. ఆవిడ చేతిలో అక్షింతలున్నాయి. అంతకుమించి ఆ పెళ్ళిలో ఆవిడకి పని లేకపోయింది.

ఇప్పుడు వాళ్ళు రాజమండ్రిలోనే, మా వాటాకి రెండు వీధుల అవతల వేరే కాపురం ఉంటున్నారు. హారిక ఉద్యోగం మానలేదు. పొద్దున్నే అతను ఆమె లంచ్ బాక్సు పట్టుకుని బస్టాపు దాకా వస్తాడు. అతని ఫోన్ గుడికెళ్ళినా మోగుతూనే ఉంటుందట. వాళ్ళు చాలా బాగున్నారు. నా బాధంతా అదే. ఏదైనా లోటు కనబడితే కొంచెం ఊరట దొరుకుతుందని బస్టాపులో ఓపిగ్గా వెతుకుతూ ఉంటాను. దొరకదు. షరతులు పెట్టింది నేను కదా, అంత పకడ్బందీగా పెట్టాను. ఆ పెళ్ళి మొత్తం నా షరతుల మీదే జరిగింది, పెళ్ళికూతుర్ని ఒక్కదాన్ని మార్చారు.

కాబట్టి, బుద్ధి వచ్చిన నేను, పూర్తి స్పృహతో, పాఠకులైన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మగవాడైనా కలిసి మాట్లాడాలంటే, అతను చెప్పేదంతా చెప్పి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకునేదాకా నేను నోరు విప్పను. ఎవరినైనా క్షమించేముందు, వాళ్ళు అడిగారో లేదో కనుక్కుంటాను. అన్నిటికంటే ముఖ్యం, నా షరతులు ఏ ఆడపిల్ల తల్లికీ ఉచితంగా చెప్పను.