పార్కు కింద నీళ్లు

ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్లకు ఆనుకునే ఒక పాత పార్కు ఉంది. తెల్లదొరల కాలంలో వేసిన తోట. మధ్యలో బ్యాండు మేళం వాయించే గుండ్రటి మండపం, దాని చుట్టూ పచ్చిక, పచ్చిక అంచున బాగా ముదిరిపోయిన నిద్రగన్నేరు చెట్లు. బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఆదివారం పొద్దుటిపూట ఆ పార్కులో జరిగే నడకకు దుబాసీగా కుదిరాను.

ఆ నడక మొదలుపెట్టింది మా వీధి చివర ఉండే బెంగాలీ దీదీ. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనావిడ. ఈ ఊళ్లో పుట్టి ఎప్పుడో వెళ్లిపోయినవాళ్ల పిల్లలు, ఊరు చూడవచ్చిన కొత్తవాళ్లు, వారానికి పదిమందో పన్నెండుమందో పోగయ్యేవారు. వాళ్లకు దారి చూపించి కథలు చెప్పేది మా చిన్నాన్న.

సొంత చిన్నాన్న కాదు. మా నాన్నతో నిమ్‌పురా రైల్వే యార్డులో పనిచేసినాయన. బండి ఆగగానే చక్రాల్ని ఒక్కొక్కటే సుత్తితో కొట్టుకుంటూ పోయి, మోత విని, ఇనుములో పగులు ఉందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ పార్కులోనే మాలీగా చేశాడు. అందువల్ల ఏ చెట్టు కింద ఏముండేదో, ఏ దొరసాని ఏ బెంచీ మీద కూర్చునేదో చిన్నాన్నకు తండ్రి నోట విన్న కథలుగా తెలుసు. ఆయనకు యార్డు హిందీ, బజారు బెంగాలీ బాగానే వచ్చు. కథ చెప్పాలంటే మాత్రం తెలుగు తప్ప నోరు తిరగదు. ఆయన చెప్పింది నేను ఇంగ్లీషులోకి, హిందీలోకి మార్చి చెప్పేదాన్ని. ఆయన మాట ఎవరికి చేరాలన్నా నా నోటి మీదుగానే.

మూడేళ్ల కిందటి వానాకాలంలో చిన్నాన్న తీరు మారింది. మండపానికి పడమటి పక్క పచ్చిక దగ్గరకు రాగానే చెబుతున్న కథ సగంలో ఆపేసేవాడు. చేతికర్రకు కింద ఇనప పొన్ను ఉండేది. దాంతో నేలను కొట్టి, కాస్త ఒంగి, చెవి ఒగ్గేవాడు.

"ఏటి చిన్నాన్నా?" అని అడిగాను మొదటిసారి.

"ఈడ మోత బాగులేదు పాపా."

ఆ నేల కింద ఇటుకలతో కట్టిన పెద్ద నీళ్ల తొట్టి ఉండేదని వాళ్ల నాన్న చెప్పేవాడట. ఆవిరి ఇంజన్ల రోజుల్లో నీళ్లు నిలవ చేసుకోవడానికి కట్టారట. తర్వాత దాని మూతి మూసేశారట. లోపల మట్టి నింపారో లేదో ఆయన తండ్రికీ తెలియదు. ఒక వారం ఇదే కథ ఆయన నడకలో అందరి ముందూ చెప్పాడు. నేను ఉన్నదున్నట్టు మార్చి చెప్పాను. చంటిబిడ్డతో వచ్చిన ఒక జంట భయపడి అక్కడినుంచే తిరిగి వెళ్లిపోయారు.

దీదీకి కోపం వచ్చింది. "జనం చరిత్ర వినడానికి వస్తారు. దయ్యాల కథలు వద్దని ఆయనకు నువ్వే చెప్పు" అంది.

చెప్పాను. చిన్నాన్న నవ్వలేదు.

"దయ్యాలంటే నాకూ నమ్మకం లేదు పాపా. నీళ్లంటే ఉంది."

పార్కు చూసుకునే ఆఫీసుకు ఆయన తరఫున హిందీలో అర్జీ రాసిపెట్టింది కూడా నేనే. అక్కడి గుమాస్తా దాన్ని తీసుకుని, చూస్తాం అన్నాడు. ఎవరూ వచ్చి చూడలేదు. నిజం చెప్పాలంటే, కొన్నాళ్లకు ఆ పచ్చిక దగ్గర ఆయన కర్ర చప్పుడు వినిపించగానే నాకే విసుగు పుట్టేది. వయసు మీద పడినవాళ్లకు ఏదో ఒక బెంగ పట్టుకుంటుందిలే అనుకునేదాన్ని.

ఆ ఆదివారానికి ముందు వారమంతా ఎడతెరిపి లేని వాన. తెల్లారేసరికి తెరిపిచ్చింది కానీ ఆకాశం తేటపడలేదు, నెత్తిమీదే వేలాడుతోంది. గాలి లేదు. చెట్ల నుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. పార్కు నిండా చీలమండ లోతు నీళ్లు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు కొందరు, తిట్టుకుంటూ నడిచేవాళ్లు కొందరు. మండపం దగ్గరకు చేరాక నేను ఒకటి గమనించాను. అన్ని వైపులా నీళ్లు నిలిచాయి, పడమటి పచ్చికలో ఒక్క మడి మేర మాత్రం చుక్క నీరు లేదు. గడ్డి తళతళలాడుతోంది. కొందరు హమ్మయ్య అని దాని అంచుకు చేరారు.

చిన్నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సూసినావా? ఊరంతా నీళ్లు నిలిసినాయి. ఈడ పడ్డ నీళ్లు ఏటైపోనాయి?"

నేను జవాబు చెప్పేలోపు ఒకావిడ మా దగ్గరకు వచ్చింది. కలకత్తా నుంచి వచ్చినావిడ, యాభై దాటి ఉంటాయి. వాళ్ల తాత ఇక్కడ ఇంజను డ్రైవరు. తల్లి ఈ ఊళ్లోనే పెరిగిందట, కిందటి చలికాలంలో పోయిందట. ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకున్న ఒక పాత ఫోటో తీసి చూపించింది. గౌను వేసుకున్న పదేళ్ల పిల్ల గుండ్రటి ఇటుక గట్టు మీద కూర్చుని ఉంది. వెనకాల ఇదే మండపం. "ఈ గట్టు ఎక్కడుందో ఆయన్ని అడుగుతారా? అక్కడ కూర్చుని నేనూ ఒక ఫోటో తీయించుకోవాలి" అంది ఇంగ్లీషులో.

చిన్నాన్న ఫోటో అందుకున్నాడు. ఒకసారి దాన్ని చూశాడు, తలెత్తి మండపాన్ని చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. ఫోటో ఆవిడకు ఇచ్చేసి ఆ ఎండు మడి అంచుకు వెళ్లి కర్రతో మూడుసార్లు కొట్టాడు. మొదటి రెండు దెబ్బలకూ తడిమట్టి చప్పుడే వచ్చింది. మూడో దెబ్బకు కింద ఎక్కడో ఇంకెవరో తిరిగి కొట్టినట్టయింది. నాకూ వినిపించింది. ఇప్పుడు రాసేటప్పుడు కూడా వినిపించలేదని రాయలేను.

ఆయన వంగినచోటు నుంచి లేవకుండానే, గొంతు తగ్గించి అన్నాడు. "పాపా, అది గట్టు కాదు, తొట్టి మూతి. నాన సెప్పింది ఇదే. పూడ్సలేదు, పైపైన మూసేసినారు. ఒక్కల్ని కూడా ఈ గడ్డి మీద అడుగెయ్యొద్దని సెప్పు. నేను అటోళ్లని ఎనక్కి పంపుతాను."

ఇంత మాట చెప్పి ఆయన మండపం అవతల నిలబడ్డ మిగతావాళ్ల వైపు వెళ్లాడు. నేను చెబుతానని ఆయనకు అనుమానమే లేదు.

నేను దీదీ వైపు చూశాను. కర్ర చప్పుడు విని ఆవిడ దూరం నుంచే ఆ కథ వద్దు, వద్దు అని నాకు తల అడ్డంగా ఊపుతోంది. ఎదురుగా కలకత్తా ఆవిడ కళ్లలో నీళ్లు. తల్లి కూర్చున్న చోటు దొరికిందని ముఖమంతా వెలిగిపోతోంది. ఒక్క నిమిషం పని, ఫోటో తీసుకున్నాక అందరినీ పక్కకు తీసుకుపోవచ్చు అనుకున్నాను. ఆవిడతో నేను అన్న మాట ఇది: "ఆ గట్టు ఇప్పుడు లేదట. అక్కడే, ఆ పచ్చికలో ఉండేదట. త్వరగా ఫోటో తీసుకోండి, ఇంకా చూడాల్సినవి ఉన్నాయి."

ఆవిడ ఫోను పక్కనున్నాయన చేతికిచ్చి గడ్డి మీద నడిచింది. ఆరేడు అడుగులు. ఫోటోలో పిల్ల కూర్చున్నట్టే మోకాళ్లు దగ్గరకు పెట్టుకుని కూర్చోబోయింది. చిన్నాన్న అప్పుడు చూశాడు. "మేడమ్! ఉధర్ నహీ! ఉధర్ నహీ!" అటు వద్దని అరిచాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి నవ్వింది. ఫోటో కోసం సరదాగా అంటున్నాడనుకుంది కాబోలు.

చప్పుడేమీ కాలేదు. అదే నన్ను ఇప్పటికీ వదలదు. పచ్చిక గుడ్డలా మెత్తగా లోపలికి దిగింది. ఆవిడ చంకల దాకా నేలలోకి పోయింది. రెండు చేతులూ గడ్డి మీద చాచి, నోరు తెరిచి, అరవలేక నా వైపే చూస్తోంది. ఫోను పట్టుకున్నాయన ముందుకు ఉరికాడు.

"ఆగు! ఎవుళూ రాకండి!" చిన్నాన్న పరుగున వస్తున్నాడు. "పాపా, సెప్పు! ఈసారైనా సెప్పు!"

నేను మూడు భాషల్లో అరిచాను. గొంతు చిరిగిపోయేలా అరిచాను. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మాలీల గది గోడకు ఆనించి ఉన్న వెదురు నిచ్చెన ఇద్దరు మోసుకొచ్చారు. చిన్నాన్న దాన్ని గడ్డి మీద పడుకోబెట్టించి, డెబ్భై దాటిన మనిషి, దాని మీద బోర్లా పడుకుని పాక్కుంటూ పోయాడు. మేము నిచ్చెన ఈ చివర మా బరువంతా వేసి పట్టుకున్నాం. ఆయన ఆవిడ రెండు మణికట్లూ పట్టుకున్నాడు. "కుఛ్ నహీ హోగా, మేడమ్. హమ్ కో దేఖియే. నీచే మత్ దేఖియే" అంటూ, ఏమీ కాదని, తననే చూడమని, కిందికి చూడొద్దని చెబుతూనే ఉన్నాడు. అప్పుడే ఆవిడ కాలి చెప్పు ఒకటి జారిపోయింది. మేమంతా చెవి ఒగ్గాం. ఇక చప్పుడు రాదేమో అనుకున్నాక, చాలా కిందన, నీళ్లలో పడిన మోత వచ్చింది. ఆ మోత విని ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది.

నిచ్చెనతో సహా ఇద్దరినీ వెనక్కి లాగాం. ఆవిడ కుడికాలు మోకాలి కింద విరిగింది. ఇటుక అంచు గీసుకుని నడుము దగ్గర చర్మం లేచిపోయింది. ప్రాణానికి ముప్పు తప్పింది. ఆమెను ఎక్కించుకుని ఆంబులెన్సు గేటు దాటుతుండగా మేము చూస్తూ ఉండగానే ఆ గుంట అంచులు ఇంకో మూర లోపలికి విరిగిపడ్డాయి. మేము నిచ్చెన పరిచిన చోటు అది.

రెండు రోజుల తర్వాత పార్కు ఆఫీసులో విచారణ. ఆఫీసరు బల్ల ముందు దీదీ, నేను, చిన్నాన్న. నేను రాసిన అర్జీ ఆఫీసరు ముందే ఉంది. దాన్ని చూపించే ఆయన చిన్నాన్నను నిలదీశాడు. "నేల బోలుగా ఉందని నీకు ముందే తెలుసు. తెలిసి జనాన్ని అక్కడికి ఎందుకు తీసుకెళ్లావు? హెచ్చరించావా?"

చిన్నాన్న నా వైపు చూడలేదు. చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "గల్తీ హమారా హై, సాబ్. ఇంకా గట్టిగా అరవాల్సింది" అన్నాడు తప్పు తన మీద వేసుకుని, సగం హిందీలో సగం తెలుగులో. ఆ రెండో సగం మార్చి చెప్పమన్నట్టు ఆఫీసరు నా వైపు తిరిగాడు.

దాన్ని మార్చి చెప్పలేదు. ఆయన ముందే హెచ్చరించాడని చెప్పాను. ఏ మాటల్లో చెప్పాడో, నేను ఆ మాటలు దాచి ఆవిడతో ఏం అన్నానో మొత్తం చెప్పాను. రాసి సంతకం పెట్టమంటే పెట్టాను. దీదీ తల ఊపిన సంగతి మాత్రం రాయలేదు. నోరు నాదే కదా. ఆవిడ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం తగ్గించింది. తన తప్పు నేను దాచినందుకో, నా తప్పు బయటపెట్టినందుకో నాకు తెలియదు.

బయటికి వచ్చాక చిన్నాన్న నాకు రెండడుగులు ముందుగా నడిచాడు. ఆయన ఉండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు తిరిగే మలుపు దగ్గర ఆగాడు.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. నా మాట నీక్కూడా పిచ్చిమాటలాగే ఇనపడిందా?"

ఆ మూడో దెబ్బ మోత నాకూ వినిపించిందని చెప్పాను. ఆయన చేతికర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. వినిపించలేదని చెప్పి ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు. "సరే, ఎల్లు" అని తన వీధిలోకి తిరిగిపోయాడు. పండక్కీ పబ్బానికీ మా ఇంటికి వచ్చే మనిషి ఆ ఏడాది రాలేదు. మరుసటి ఏడాది నుంచి వస్తున్నాడు. టీ తాగుతాడు, ఆరోగ్యం అడుగుతాడు, పార్కు ఊసెత్తడు.

కలకత్తా ఆవిడకు నెల తర్వాత ఫోను చేశాను. జరిగింది చెప్పాను. ఆసుపత్రి గది కాదు, ఇంట్లోనే ఉన్నట్టుంది, వెనక కుక్కరు కూత వినిపించింది.

"మీరు చెప్పి ఉంటే నేను ఆగేదాన్నా?" అని అడిగింది ఆవిడ.

"తెలియదండీ."

"నాకూ తెలియదు. ఆ తెలుసుకునే అవకాశం నాకు మీరు ఇవ్వలేదు" అని ఫోను పెట్టేసింది. కోపంగా అనలేదు. నేను మళ్లీ చేయలేదు, ఆవిడా చేయలేదు.

పార్కుకు తాళం పడింది. వానలు తగ్గాక కొలతలు తీసేవాళ్లు యంత్రాలతో వచ్చారు. నేల కింద ఉన్నది తొట్టి ఒక్కటే కాదని తేల్చారు. దాన్నుంచి మనిషి వంగి నడవగలిగినంత ఇటుక కాలువ ఒకటి బయలుదేరి, పార్కు గోడ కింద నుంచి మా క్వార్టర్ల వైపు వస్తోందట. ఎక్కడ ఆగిందో పాత పటాల్లో లేదు. వాళ్లు రోడ్డు మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టుకుంటూ వచ్చారు. చివరి గుర్తు మా ఇంటికి రెండిళ్ల అవతల పడింది. ఆ సాయంత్రం యంత్రాలు సర్దుకుని, మిగతాది మళ్లీ వచ్చి చూస్తామని వెళ్లారు. ఇంతవరకూ రాలేదు.

ఆ ఇంటివాళ్లు సరిగ్గా ఆ గుర్తు మీదే స్కూటరు నిలుపుతారు. రోజూ వెళ్లి చెబుతాను. నా ముఖం చూసి మొహమాటానికి తీస్తారు. మర్నాటికి బండి మళ్లీ అక్కడే ఉంటుంది.