ఒక్క చెయ్యి ఎత్తిన మనిషి

మేం దక్షిణ సూడాన్‌లో దిగింది వానాకాలం మొదట్లో. ఉదయం 09:20. విమానం తలుపు తీయగానే కుక్కర్ మూత తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది. రన్‌వే అవతల అంతా నల్లరేగడి. అందులో అడుగు వేస్తే కాలు వస్తుంది, బూటు రాదు.

ఒంటి మీద నీలం హెల్మెట్, పది కిలోల జాకెట్, రైఫిల్, నాలుగు మ్యాగజైన్లు, రెండు నీళ్ల సీసాలు. ఐక్యరాజ్యసమితి శాంతి దళం కాబట్టి బళ్లన్నీ తెల్లవి. సామాన్ల జాబితాలో ఎవరూ రాయనిది నేనొకటి వెంట తెచ్చుకున్నాను. చిన్నప్పట్నుంచి టీవీలో, సినిమాల్లో చూసిన ఆఫ్రికా. ఎముకలు తేలిన పిల్లాడు, వాడి మూతి మీద ఈగలు. జీపు వెనక నిలబడి తుపాకీ ఊపే మనిషి. అంతకు మించి నాకేమీ తెలీదు. తెలీదన్న సంగతి కూడా తెలీదు.

విమానాశ్రయం నుంచి క్యాంపుకి నలభై నిమిషాలు. దారి పొడుగునా యూనిఫాం వేసుకుని బడికి పోతున్న ఆడపిల్లలు కనిపించారు. సెల్ రీఛార్జి కొట్టు, మంగలి కొట్టు, గొడవపడుతున్న మొగుడూ పెళ్లాం కనిపించారు. నేను వాటిలో దేన్నీ ఫొటో తీయలేదు. పశువుల మందల దగ్గర మొహానికి బూడిద రాసుకుని, భుజాన తుపాకీతో నిలబడ్డవాణ్ణి తీశాను. ఇంటి గ్రూపులో పెట్టాను. సాలూరులో లారీ మీద పనిచేసే మా మేనల్లుడు వెంటనే జవాబిచ్చాడు: "మావా, జాగర్త. నిన్ను వండుకుని తినీగలరు." నేనూ నవ్వుతున్న బొమ్మ పంపాను. ఆ బూడిద దోమలు కుట్టకుండా రాసుకుంటారని నాకు తర్వాత తెలిసింది. అది గ్రూపులో ఎవరికీ చెప్పలేదు.

మా పోస్టు ఒక చిన్న పట్నం అంచున. ఇసుక బస్తాలు పేర్చి కట్టిన కాపలా మోర్చా, ముళ్లకంచె, ఇనుప గేటు. గేటు లోపల మన సైన్యం నడిపే ఆసుపత్రి. పదిహేను మంచాలు, ఇద్దరు డాక్టర్లు. గేటు ముందు మూడు వందల మీటర్ల కాలిబాట, వానలకు మోకాలి లోతు నీళ్లలో మునిగి ఉంది. నాతో మోర్చాలో ఉండే రేడియో ఆపరేటర్ది పలాస వైపు. వరసేమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు. సెక్షన్ కమాండర్ ఉత్తరాది హవల్దారు, మాట తక్కువ మనిషి. దుబాసీ ఆ ఊరి లెక్కల మాస్టారు. ఎంత బురదలోనైనా ఇస్త్రీ చొక్కాతో సరిగ్గా ఏడింటికి వచ్చేవాడు.

మూడో నెలలో రెండు రోజులు వరసగా ఊరి పక్క ఏటి అవతల కాల్పులు వినిపించాయి. ఆర్డరు వచ్చింది: గేటు మూసి ఉంచాలి, ఆయుధం కనిపిస్తే వంద మీటర్ల ఇవతలికి రానివ్వకూడదు. మూడుసార్లు హెచ్చరించాలి. ఆగకపోతే కాల్చాలి.

మూడో రోజు నా డ్యూటీ 05:30కి మొదలైంది. సన్నటి వాన. 06:10కి కాలిబాట చివర మనుషులు కనిపించారు. బైనాక్యులర్ తీశాను.

"ఏటి కనిపిస్తన్నాది బావా?" అన్నాడు ఆపరేటర్.

"అయిదుగురు. ఇద్దరి భుజాల మీద పొడుగ్గా ఏదో ఉన్నాది. పైన గుడ్డ కప్పీసి ఉన్నాది."

పొడుగ్గా ఉంది, భుజం మీద ఉంది, మోసేవాడు ఆఫ్రికావాడు. నా బుర్ర మిగతాది తనే పూర్తి చేసుకుంది. 06:12కి రేడియోలో రిపోర్టు చేశాను: సాయుధులు అయిదుగురు, రాకెట్ లాంచర్ అని అనుమానం. ఆ మాట నాదే. ఎవరూ నా నోట పెట్టలేదు.

గంట మోగింది. మోర్చాలన్నీ నిండాయి. దుబాసీ రావడానికి ఇంకా టైముంది. బట్టీ పట్టిన నాలుగు అరబ్బీ ముక్కల్నే ఆపరేటర్ మైకులో చదివాడు. ఆగండి, మోస్తున్నది కింద పెట్టండి, చేతులు పైకెత్తండి. వాళ్లు ఆగారు. వంద మీటర్లకు కాస్త అవతల, నీళ్లలో. ఏదో అరిచారు. వాన చప్పుడులో నాకు ఆ అరుపు దాడికి వచ్చేవాళ్ల కేకలాగే వినిపించింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడినట్టే, నాకు చెవులు కూడా అలాగే తయారయ్యాయి.

వెనకున్న ముగ్గురూ చేతులు ఎత్తారు. మోస్తున్న ఇద్దరూ దాన్ని కింద పెట్టలేదు. ముందున్నవాడు ఒక్క చెయ్యి ఎత్తాడు.

"రెండో సెయ్యి ఎత్తడం నేదు బావా," అన్నాడు ఆపరేటర్.

రెండోసారి హెచ్చరించాం. అదే ఒక్క చెయ్యి. నా రైఫిల్ గురి అతని ఛాతీ మీద ఉంది. సేఫ్టీ తీసి ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. మూడో హెచ్చరిక ఇవ్వబోతుంటే కమాండర్ ఆపాడు. వాళ్లు ముందుకు రావడం లేదు, మనమూ తొందరపడొద్దు, మాస్టారు వచ్చేదాకా ఇలాగే ఉందాం అన్నాడు. ఆ మనిషికి నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

అలా నిలబడ్డాం. వాళ్లు నీళ్లలో, మేం బస్తాల వెనక. 06:20 అయింది, 06:30 అయింది. ఎత్తిన చెయ్యి నాకు బైనాక్యులర్‌లో కనిపిస్తూనే ఉంది. అది దించేవాడు, మళ్లీ ఎత్తేవాడు. రెండోది మాత్రం కదల్లేదు.

06:45కి అతను భుజం మార్చాడు. మెడ వంచి, మోస్తున్న వెదురు బొంగుని తల వెనక నుంచి కుడి భుజం మీంచి ఎడమకు జార్చాడు. బొంగు మీది చెయ్యి క్షణం కూడా వదల్లేదు. వెనకవాడు అదే అడుగులో అదే చేశాడు. మధ్యలో వేలాడుతున్న గుడ్డ కాస్తయినా ఊగలేదు.

ఆ భుజం మార్చడం నాకు తెలుసు.

మా ఊరు సాలూరుకి అవతల, కొండ మొదట్లో ఉంటుంది. పై ఊళ్లకు సరైన రోడ్డు లేదు. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా బొంగుకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి మోసుకొస్తారు. డోలీ అంటాం. డోలీ మా పొలిమేర తగిలితే పై ఊరివాళ్ల భుజం మీంచి మేం అందుకోవాలి. ఎవరి మనిషని అడగకూడదు. అది మా ఊరి కట్టుబాటు. పదిహేడేళ్లకే నేను భుజం పట్టాను. మా నాన్న చెప్పిన మొదటి పాఠం ఒకటే: "ఏనుగొచ్చి మీద పడినా సరే, బొంగు మీద సెయ్యి వదలొద్దురా."

"డోలీ బావా," అన్నాను ఆపరేటర్‌తో. "లోపల మనిషున్నాది. కింద ఎక్కడ పెడతారు, నీళ్లు కదా."

కమాండర్ నా మొహంలోకి చూశాడు. ఖాయమా అన్నాడు. ఖాయం సార్, తప్పయితే నన్నే ముందు కాలుస్తారు, వెళ్లనివ్వండి అన్నాను. 06:47కి రైఫిల్ ఆపరేటర్ చేతిలో పెట్టి నీళ్లలోకి దిగాను. నాకు సిగ్గు, భయం రెండూ ఉన్నాయి. సిగ్గే ఎక్కువ. దగ్గరికి వెళ్లేసరికి దుప్పటిలోంచి మూలుగు వినిపించింది. నిండు గర్భిణి. దుప్పటి అడుగు నుంచి నెత్తురు బొట్టుబొట్టుగా నీళ్లలో పడుతోంది. ముందున్నవాడి పక్కకు వెళ్లి భుజం చూపించాను. అతను ఒక్క క్షణం నన్ను చూసి, మెడ వంచి, బొంగు నా భుజం మీదికి జార్చాడు.

06:58కి ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టాం. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. ముప్పై అయిదు నిమిషాలు ముందు వచ్చి ఉంటే బతికేదా అని డాక్టరమ్మని అడిగాను. చెప్పలేను, అంది. నాకు నచ్చచెప్పడానికి కూడా అబద్ధం ఆడలేదు.

మధ్యాహ్నం మాస్టారు మోర్చాకి వచ్చాడు. వాళ్ల భుజం మీద ఉన్నది ఏమనుకున్నావు అని అడిగాడు. రాకెట్ లాంచర్ అన్నాను. అతను కోప్పడలేదు. తన ఫోన్లో ఎప్పుడో వార్తల్లో వచ్చిన వీడియో చూపించాడు. మన దేశమే. వాన, కొండదారి, డోలీలో ఒక ఆడమనిషి. ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు: "ఇది చూసి, అక్కడా రోడ్డు ఆలస్యంగా వస్తోంది పాపం, అనుకున్నాను. మీరంతా ఇంతే అనుకోలేదు." ఆ వీడియో ఇంకోసారి పెట్టమన్నాను.

అయిదో రోజు వాళ్లు ఆమెను తీసుకెళ్లడానికి వచ్చారు. ముందు నడిచినవాడు ఆమె అన్న. నా దగ్గరికి వచ్చి మాస్టారు ద్వారా అడిగాడు, భుజం మార్చుకోవడం నీకెలా వచ్చని. మా ఊళ్లోనూ ఇలాగే మోస్తాం, పదిహేడేళ్లప్పటి నుంచి మోశాను అన్నాను. మాస్టారు ఆ మాట చెప్పాక అతను ఒక్క ముక్క అన్నాడు. మాస్టారు అది నాకు చెప్పడానికి కాస్త తటపటాయించాడు.

"అయితే మమ్మల్ని ఎందుకు గుర్తుపట్టలేదు?"

ఏడాది పూర్తయ్యాక తిరిగొచ్చాను. తర్వాత రిటైరయ్యాను. విజయనగరంలో ఒక కాలేజీవాళ్లు శాలువా కప్పారు. మైకు పట్టుకున్న కుర్రాడు, అక్కడి మనుషులు చాలా భయంకరంగా ఉంటారట కదా సార్, ఒక్క సంఘటన చెప్పండి అన్నాడు. ఈ సంఘటనే చెప్పాను. డోలీ, వాన, నా వేలు, ఆ బిడ్డ, అన్నీ. సాయంత్రం వాళ్లు పెట్టిన వీడియో ఫోన్లో చూస్తే నా మాటల్లో ఒక్కటీ లేదు. నేను మొదటిరోజు పంపిన బూడిద మొహం ఫొటో ఉంది. ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి పోయిందో గాని, కింద పెద్ద అక్షరాలతో "నరకంలో మన జవాను" అని రాసి, భయపెట్టే సంగీతం కలిపారు. కోపం వచ్చింది. ఎవరి మీద కోప్పడాలి? ఆ ఫొటో తీసింది నేనే. మేనల్లుడికి ఫోన్ చేశాను. ఆ మనిషిది దోమల బూడిదరా అని, మూడో నెలలో జరిగింది కూడా చెప్పాను. "ఆ బొమ్మ నేనే అందరికీ తిప్పీసినాను మావా," అన్నాడు.

మొన్న వానలకి మా ఊరి పొలిమేరలోకి మళ్లీ డోలీ వచ్చింది. వయసు మీద పడ్డా వెళ్లి భుజం పెట్టాను. బొంగు ఆనగానే అతను కళ్ల ముందుకి వచ్చేశాడు. నా గురికి ఎదురుగా మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక చేత్తో చెల్లెల్ని మోస్తూ, రెండో చెయ్యి నాకోసం పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.