కూలర్ గాలి, భారజలం

భారజలానికి తడిగాలి పడదు. ఈ సంగతి పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, కరీంనగర్ ఎండల్లో నాకు తట్టలేదు.

నేను పరిశోధన చేసే కాలేజీలో మా ల్యాబ్ పై అంతస్తులో ఉండేది. ఒక ఎంజైమ్ తన పని ఎలా చేస్తుందో కనిపెట్టడం నా వంతు. ఆ పనిలో చాలా మెట్లుంటాయి. వాటిలో ఏది ఆలస్యం చేస్తోందో కంటికి కనబడదు. అందుకే అదే చర్యను ఒకసారి మామూలు నీళ్లలో, ఒకసారి భారజలంలో జరిపిస్తాం. భారజలంలో హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన ఐసోటోప్ ఉంటుంది. అక్కడ చర్య నెమ్మదించిందంటే, ఆ ఆలస్యంలో హైడ్రోజన్ కదలికకు చెయ్యి ఉందన్నమాట. చలికాలమంతా నాకు ఆ తేడా స్పష్టంగా వచ్చింది. నా థీసిస్ మొత్తం దాని మీదే నిలబడింది.

ఎండలు ముదిరాక మా బాపు ఆసిఫాబాద్ నుంచి నన్ను చూడటానికి వచ్చాడు. చెమటలో తడిసి ముద్దయిన నన్ను చూసి ఊరుకోలేకపోయాడు. అప్పటికప్పుడు బజారుకెళ్లి కూలర్ కొని, ఆటోలో తెచ్చి, నా బల్లకు ఎదురుగా పెట్టించి, నీళ్లు పోసి మరీ వెళ్లాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పటి నుంచే తేడా మాయమైంది. రెండు నీళ్లలోనూ ఇంచుమించు ఒకే వేగం. ఎంజైమ్ మార్చాను, గాజుసామాను మళ్లీ మళ్లీ కడిగాను. మా గైడు సారు చలికాలపు గ్రాఫులు ముందేసుకుని, ఇవి నిజంగా వచ్చినవేనా అని అడిగారు. తన కళ్ల ముందు చేసి చూపించకపోతే థీసిస్ ఆపేస్తానన్నారు. నేను అబద్ధాలు పుట్టించే మనిషినా? ఆ రోజుల్లో అన్నం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వేగం కొలిచే మెషీన్ ఇన్వర్టర్ మీద నడిచింది, కూలర్ ఆగింది. ఆ పూట తేడా తిరిగొచ్చింది! అప్పుడు తట్టింది: మూతలేని ప్లేటు గుంటల్లో నేను పోసిపెట్టిన భారజలం చుక్కలు ఇన్నాళ్లూ కూలర్ తేమను పీల్చుకుని మామూలు నీళ్లతో కలిసిపోతున్నాయి.

సారుకు చూపించాల్సిన రోజే బాపు చెప్పకుండా వచ్చాడు. కూలర్ గడ్డిని తడిమి చూశాడు. ఎండిపోయి ఉంది.

"చెడిపోయిందా బిడ్డా?"

జరిగిందంతా చెప్పాను. చేతిలో ఉన్న పేపరు మడిచి నాకు గాలి విసరబోయాడు. అంతలోనే చెయ్యి ఆగింది.

"నా ఊపిరిల గూడ తడి ఉంటది గద బిడ్డా."

లేదని చెప్పాలనిపించింది. కానీ అది అబద్ధమవుతుంది. బాపు బయటికి వెళ్లిపోయాడు.

సారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. తేడా వచ్చింది, చలికాలంలో వచ్చినంత వచ్చింది. ఆయన తలూపి లేచారు. ఆ గ్రాఫుల గురించి అడిగిన మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

తలెత్తి చూస్తే, కిటికీ అవతల వరండాలో, ఎదురెండలో, దస్తీ నోటికి అడ్డం పెట్టుకుని బాపు ఇంకా నిలబడే ఉన్నాడు.